వరండాలో స్పీడ్ బ్రేకరు

సామ్రాజ్యానికి భయపడడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక ఉంటే చాలు. కూతురు తుమ్మితే న్యుమోనియా అనుకుంటుంది. ఫోను ఎత్తకపోతే ఊళ్లో ఉన్న ఆసుపత్రులన్నీ కళ్ల ముందు గిర్రున తిరుగుతాయి. ఎత్తితే, “గొంతు అలా ఉందేమిటే?” అని మొదలుపెడుతుంది. ఏడో తరగతితో చదువాపి, పెళ్లయి, భర్త పోయాక తిమ్మరాయకట్ట పట్నంలో అంగన్‌వాడీ ఆయాగా చేరింది. పరాయి పిల్లల్ని కూడా కలుపుకుని భయపడే ఉద్యోగం కాబట్టి ఆవిడకి అది అతికినట్టు సరిపోయింది.

ఆ అంగన్‌వాడీ మెయిన్ రోడ్డుకి ఇటు, పిల్లల ఇళ్లు ఉన్న కాలనీ అటు. మధ్యలో కంకర లారీలు. వాటి డ్రైవర్లకి బ్రేకు అనే వస్తువు ఒకటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. సామ్రాజ్యం ఒక పాత ఎర్రచీరకి వరసగా ముడులేసి, ముడికొక పిల్లని పట్టుకోమని, తను ముందు నిలబడి చెయ్యెత్తి రోడ్డు దాటించేది. అవతలికి చేరాక తలలు లెక్కపెట్టేది. సరిపోయినా నమ్మకం కుదరక మళ్లీ పెట్టేది.

చివరికి ఒకరోజు కాగితం తీసుకుని, ‘మా అంగన్‌వాడీ ముందర ఒక స్పీడ్ బ్రేకరు వేయించి పసిపిల్లల ప్రాణాలు కాపాడవలెనని’ స్వహస్తాలతో రాసి, చీర పట్టుకున్న పిల్లల ఫొటో జతచేసి, నాలుగిళ్ల అవతలే ఉన్న పురపాలక సంఘం ఆఫీసులో ఇచ్చి వచ్చింది. అది ఫైలయింది. ఆ తర్వాత ఏమయిందో ఎవరూ చెప్పలేదు.

ఇక ఇంట్లో ప్రణతి. ఒక్కగానొక్క కూతురు, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా. తోటి ఆడపిల్లలు చీరల మీద మోజు పడితే ఈ పిల్ల పెట్రోలుతో నడిచే రిమోట్ కార్ల మీద పడింది. అది బొమ్మకారు అంటే ఎవరూ నమ్మరు. బలిసిన మేకపిల్లంత ఉంటుంది. గడ్డి కోసే మిషనులో ఉండేలాంటి ఇంజను, నాలుగు లావుపాటి టైర్లు, వెనక పొగగొట్టం. తాడు లాగితే గుర్రుమని లేస్తుంది. పెరట్లో ఒకప్పుడు కోళ్లుండే పాకలో ప్రణతి రోజూ దాన్ని విప్పుతుంది, బిగిస్తుంది. ఆ పాకలో పెట్రోలు డబ్బా ఉందని తెలిసిన నాటినుంచి సామ్రాజ్యం పెరట్లోకి నిప్పు సంగతి అటుంచి, వేడన్నం గిన్నె కూడా పట్టుకెళ్లలేదు.

“పోతోందిగా అది? ఇంకా ఏం పొడుస్తున్నావే దాన్ని?” అంది ఒకనాడు గుమ్మంలోనే నిలబడి.

“స్పీడు చాలట్లేదమ్మా. పెద్ద సిలిండరు వేశాను. ఇప్పుడు పైపు మారుస్తున్నాను.”

“అంత తొందరగా ఎక్కడికెళ్లాలే అది?”

“ఎక్కడికీ వెళ్లదు. గుండ్రంగా తిరిగొస్తుంది.”

ఆ తర్వాత పురపాలక సంఘం చేసిన ఘనకార్యం యావత్తూ ఈ రెండు ముక్కల్లోనే ఉంది గాని, అప్పటికింకా ఎవరికీ తెలియదు.

కమిషనరు వాచస్పతిగారు అప్పుడే ఏదో శిక్షణకి వెళ్లి వచ్చారు. పాలనలో జాప్యం ఎక్కడ జరుగుతోందో ఆ శిక్షణలో పరిశోధించి చూపించారట. బల్ల దగ్గర జాప్యం లేదు, అధికారి దగ్గర అసలే లేదు, ఉన్నదంతా బల్లకీ బల్లకీ మధ్యన ఉందని తేలిందట. ఆ మధ్యన ఉండేది అటెండరు యోహాను ఒక్కడే. ఆనెకాళ్ల మనిషి. ఫైలు చంకలో పెట్టుకుని, ఎదురైనవాళ్లందరినీ కుశలమడిగి, దోవలో టీ తాగి మరీ చేరుస్తాడు. దోషి దొరికాడు కాబట్టి ఇక మందు దొరకడమే తరువాయి. ఆ ఆదివారం మున్సిపల్ గ్రౌండులో ప్రణతి కారు దుమ్ము లేపుకుంటూ చుట్లు కొట్టడం వాచస్పతిగారు చూడనే చూశారు.

మర్నాడు పిలిపించారు. కూతుర్ని పోలీసులు పట్టుకున్నారనుకుని సామ్రాజ్యం కూడా వెంట వెళ్లింది.

“చూడమ్మా,” అన్నారు కమిషనరుగారు, “ఈ యొక్క వాహనము ద్వారా ఒక దస్త్రమును మోయించుట సాధ్యపడునా?”

“పడుతుంది సార్. పైన క్యారేజీ కట్టాలి.”

“కట్టుము. దీనికి ‘దస్త్ర చలన వేగోద్దీపన పథకము’ అని నామకరణము చేయడమైనది. నిన్ను కాంట్రాక్టు ప్రాతిపదికన వేగ సాంకేతిక సహాయకురాలిగా నియమించడమైనది. సంతోషమేనా?”

ప్రణతికి పట్టరాని సంతోషం. సామ్రాజ్యానికి మాత్రం, పెట్రోలు బండి, ఆఫీసు నిండా కాగితాలు, మధ్యలో తన పిల్ల, మూడూ ఒకేసారి మంటల్లో కనిపించాయి.

“బాబుగారూ, మా పిల్లకేం కాదు కదండీ?” అంది.

“పథకమునకు ఏమియు కాదమ్మా,” అని ఆయన అభయమిచ్చారు.

ప్రారంభోత్సవానికి బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి చిన్నది, కాయలు పెద్దవి. నాలుగు నిమ్మకాయల మీద ఎక్కి కూర్చుని కిందికి దిగనంది. ఇంజను అరిచింది, పొగ కక్కింది, చక్రాలు గాలిలో తిరిగాయి. శకునం బాగాలేదని సామ్రాజ్యం గుండె చేత్తో పట్టుకుంది. యోహాను వచ్చి చాకుతో కాయల్ని సగానికి కోసి పెట్టాక గాని పథకం కదల్లేదు.

ఆ రోజు పరుగెత్తించిన మొదటి ఫైలు ఎవరిదనుకున్నారు? సామ్రాజ్యానిదే. ‘ప్రజాసంక్షేమ దృష్ట్యా’ ఎంచారు. యోహాను చేతికి ఇప్పుడు రిమోటు వచ్చింది. స్టూలు మీద కూర్చుని మీట నొక్కాడు. ఫైలు ఈ చివరి టపా గది నుంచి ఆ చివరి ఇంజనీరింగు గదికి కన్ను మూసి తెరిచేలోగా చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. సామ్రాజ్యం కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కూతురి బండి మీద తన పిల్లల ఫైలు! వారంలో బ్రేకరు పడుతుందనుకుంది.

వారం గడిచాక ఇంజనీరింగు గదిలో ఏఈ భుజంగరావుగారి దగ్గరికి వెళ్లింది.

“బాబూ, నా ఫైలు మీ దగ్గరికి వచ్చింది కదండీ?”

“రావడమేమిటమ్మా, ఇప్పటికి చాలాసార్లు వచ్చింది.”

“మరి సంతకం?”

భుజంగరావుగారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. “ఇప్పుడంతా సగటు వేగమమ్మా. ఏ గదిలో ఫైలు ఆగితే ఆ గది సగటు పడిపోతుంది. చదవాలంటే ఆపాలి. ఆపితే నాకు మెమో. అందుకని ‘తగు చర్యకై’ అని రాసి పంపించేస్తున్నాను. రెవెన్యూవాళ్లు ‘తిరిగి తగు చర్యకై’ అని రాసి నాకే తోలుతున్నారు. రాయడానికి కూడా టైము పడుతోందని నిన్ననే రబ్బరు స్టాంపు చేయించాం.”

“అయితే ఎవరూ చదవరా అండీ?”

“ఎంత మాట! నెలాఖరున చదువుతాం. వేగం ఎంత వచ్చిందో.”

సామ్రాజ్యం ఇంటికొచ్చి కూతుర్ని నిలదీసింది. “నీ బండి మూలానే నా ఫైలు ఆగట్లేదే. మెల్లగా పోయేలా చెయ్యలేవా?”

“మెల్లగా పోతే నా ఉద్యోగం పోతుందమ్మా. రెవెన్యూవాళ్లు కూడా బండి కొన్నారు. ఇంజనీరింగువాళ్లు దానికంటే ముందుండాలంటున్నారు.”

నిజమే. ఆ నెల సర్క్యులరు వచ్చింది. ‘అన్ని విభాగములును తమ తమ వేగమును ఇతోధికముగా పెంపొందించుకొనవలెను. మాంద్యము ఎంతమాత్రమును ఉపేక్షింపబడదు.’ ప్రణతి కార్బొరేటరు మార్చింది. గేరు పళ్లు మార్చింది. మేకను మింగిన కొండచిలువలా నడుము దగ్గర ఉబ్బిన పొడుగాటి పొగ పైపు బిగించింది. దాంతో ఇంజను కూత మారిపోయి, పక్క వీధిలో దూడలు తాళ్లు తెంపుకున్నాయి. రెవెన్యూవాళ్లు అంతకంటే లావు పైపు వేయించారు. ఆరోగ్య విభాగంవాళ్లు దోమల మందు కొట్టే నిధుల్లోంచి బండి తెచ్చారు. పొగ ఎలాగూ వస్తోంది కాబట్టి లెక్క సరిపోయిందని ఆడిట్‌వాళ్లకి చెప్పారు.

వరండాలో జనం నిలబడకూడదన్నారు. అర్జీదారులు గోడకి అతుక్కుని నడవాలన్నారు. గుమాస్తాలకి హెల్మెట్లిచ్చారు. ఇంకో గదికి వెళ్లాలంటే ఎక్కడంటే అక్కడ దాటకుండా నేల మీద తెల్లచారలు గీసి, అక్కడొక కానిస్టేబుల్ని ఈలతో నిలబెట్టారు.

పిల్లల బాలామృతం బిల్లు ఇవ్వడానికి వెళ్లిన సామ్రాజ్యం ఆ చారల దగ్గర ఆగిపోయింది. చూసి చూసి, కానిస్టేబుల్‌ని అడిగింది.

“బాబూ, ఈ చారలు మా పిల్లలకి గియ్యరా?”

“మీ రోడ్డు మీద ఫైళ్లు పోతాయా?”

“లారీలు పోతాయి.”

“అయితే అది వేరే డిపార్ట్‌మెంటమ్మా. పక్కకి జరుగు, రెవెన్యూ వస్తోంది!”

ఆవిడ గోడకి అతుక్కుంది. రెవెన్యూ రివ్వున పోయింది.

ఇక వేగం పెంచడానికి బండిలో మార్చవలసినవన్నీ మార్చేశాక, ప్రణతి ఒకమాట నోరు జారింది. “సార్, ఇంజనులో ఇంకేం లేదు. బరువు తగ్గిస్తే పెరగొచ్చు.” కమిషనరుగారు కళ్లు మూసుకుని, తెరిచి, “బండి బరువు కాదమ్మా. దస్త్రము యొక్క బరువు!” అన్నారు.

వెంటనే ఇంకో సర్క్యులరు. ‘దస్త్రములయందలి అనవసర పత్రములను తొలగించవలెను.’ ముందు జతపత్రాలు తీశారు. తర్వాత ఫొటోలు. ఆ తర్వాత మ్యాపులు. పోటీ ముదిరాక అర్జీ కాగితం కూడా బరువే కదా అన్నారు. సామ్రాజ్యం ఫైల్లోంచి చీర పట్టుకున్న పిల్లల ఫొటో పోయింది, ఆవిడ స్వహస్తాలతో రాసిన కాగితం పోయింది, చివరికి పేరు రాసిన అట్ట, తాడు మిగిలాయి. తాడు కొసలకుండే ఇనప ముక్కల్ని కూడా ఏఈగారు కత్తిరించేశారు. ఆ ఖాళీ అట్ట తిమ్మరాయకట్ట చరిత్రలోనే అత్యంత వేగవంతమైన ఫైలని బోర్డు మీద రాశారు. పైనుంచి ఒక బృందం చూడ్డానికి వస్తోందన్నారు.

“మీ ఫైలుకి ఫస్టు వచ్చిందమ్మా!” అని యోహాను ఎదురొచ్చి చెప్పాడు. “నేను చంకలో పెట్టుకుని మోసినన్నాళ్లు దానికి ఈ వైభోగం ఉందా?”

బృందం వచ్చింది. పరుగు ముగిసే గీత అవతల కమిషనరుగారు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు. ప్రణతి తాడు లాగింది, యోహాను మీట నొక్కాడు. పైన బరువన్నది లేకపోయేసరికి, బండి సగం దూరంలోనే మూతి పైకెత్తింది. రెండు కాళ్ల మీద లేచిన గుర్రంలా వచ్చి, గీత దాటి, జెండా దాటి, వాచస్పతిగారి కుడిపాదం మీద దిగింది.

బృందం చప్పట్లు కొట్టింది. అది కూడా ప్రదర్శనలో భాగమనుకున్నారు.

బొటనవేలు విరిగింది. సాయంత్రానికి ప్రణతి చేతిలో మెమో పడింది. ‘అధికారి యొక్క పాదమునకు భంగము కలిగించినందులకు తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’ మర్నాడు పొద్దున సామ్రాజ్యం ఆ ఆఫీసు ముందు నుంచి పోతూ లోపలికి తొంగిచూసి నిర్ఘాంతపోయింది. వరండా మధ్యలో, నున్నటి గచ్చు మీద, నల్లటి తారుతో, పసుపు గీతలతో, నిండు గర్భిణిలా ఒక స్పీడ్ బ్రేకరు! రాత్రికి రాత్రే వేశారు. ఫైలు లేదు, టెండరు లేదు, తగు చర్య లేదు.

లోపలికి పిలిచారు. కమిషనరుగారు పాదం స్టూలు మీద పెట్టుకుని ఉన్నారు. పక్కన ఏఈగారు.

“చిన్న చిక్కు వచ్చిందమ్మా,” అన్నారు ఏఈగారు. “బ్రేకరైతే వేసేశాం గాని ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు. వెతికితే, స్పీడ్ బ్రేకరు కావాలని ఊరు మొత్తం మీద అడిగిన మనిషివి నువ్వొక్కదానివే. కాబట్టి నీ అర్జీ కిందే వేశాం. ఇదిగో, నీ కోరిక తీరిపోయింది. ‘తృప్తి చెందితిని’ అని ఇక్కడ సంతకం పెట్టు.”

“బాబూ, నేనడిగింది రోడ్డు మీద కదండీ?”

వాచస్పతిగారు గొంతు సవరించుకున్నారు. “నీ కుమార్తె యొక్క సంజాయిషీ నా పరిశీలనలో ఉన్నది. అర్జీదారులు తృప్తి చెందినచో నాకు కూడా తృప్తిగానే ఉండును.”

సామ్రాజ్యానికి పై ప్రాణాలు పైనే పోయాయి. కోర్టు, బోను, జైలు, జైల్లో చారన్నం, ఆ అన్నంలోకి పెరుగు వేస్తారో లేదో, పెరుగు లేనిదే ముద్ద దిగని పిల్ల... అన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. గబగబా సంతకం పెట్టేసింది. పెట్టాక కాగితం నకలు ఆవిడ చేతికిచ్చారు.

బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, కూడబలుక్కుంటూ చదివింది. ‘అంగన్‌వాడీ పిల్లలు సురక్షితముగా దాటు నిమిత్తము పురపాలక కార్యాలయ వరండాయందు స్పీడ్ బ్రేకరు నిర్మించడమైనది. పిల్లలు దాటు సమయమున సమస్త వాహనములును విధిగా ఆగవలెను. ఉల్లంఘించినవారు శిక్షార్హులు.’ రెండోసారి చదివింది. ‘శిక్షార్హులు’ అన్న మాట దగ్గర మళ్లీ చెమటలు పట్టాయి. ప్రభుత్వం వాళ్లు ఇక్కడ దాటమని రాసిచ్చారు. తను తృప్తి చెందానని సంతకం పెట్టింది. రేపు ఎవరైనా వచ్చి, ‘ఏమ్మా, దాటించావా?’ అంటే ఏం చెప్పాలి? దాటించలేదంటే ఇంకేమైనా ఉందా?

మర్నాడు, ఆఫీసు తెరిచీ తెరవగానే, ఎర్రచీర పట్టుకుని పిల్లలు బారుగా వరండాలోకి వచ్చారు. ముందు సామ్రాజ్యం చెయ్యెత్తి.

“ఇదేమిటమ్మా?” అన్నాడు కానిస్టేబులు.

“దాటడానికొచ్చామండీ.” నకలు చూపించింది.

అతను చదివాడు. కాగితం మీద గుండ్రటి సీలుంది. ఈల వేశాడు. ఇంజనీరింగు ఆగింది, రెవెన్యూ ఆగింది, వెనక ఆరోగ్యం పొగ కక్కుకుంటూ ఆగింది.

పిల్లలు దాటడం మొదలుపెట్టారు. పసిపిల్లలు, గట్టెక్కడం వాళ్లకి కొత్త. ఒకడు ఎక్కి దిగనన్నాడు. ఒకత్తి దిగి మళ్లీ ఎక్కింది. ఇంకోడు బ్రేకరు మీద నడుం వాల్చాడు. బుజ్జమ్మ అనే పిల్ల సరిగ్గా పసుపు గీత మీద కూర్చుని ఒంటేలు పోసింది. సామ్రాజ్యం అవతలికి చేరాక లెక్కపెట్టింది. నమ్మకం చాలక మళ్లీ పెట్టింది. అంగన్‌వాడీ ఇటుపక్క కాబట్టి, మళ్లీ ఇవతలికి దాటించింది.

సాయంత్రం ఇళ్లకి పంపేముందు ఇంకోసారి తీసుకొచ్చింది. మర్నాడూ వచ్చింది. పిల్లలకిది ఎంత నచ్చిందంటే, రానని ఏడ్చేవాళ్లు కూడా పొద్దున్నే తయారై, “బొమ్మకార్లు ఆపుదాం పదా ఆయమ్మా!” అని చెయ్యి పట్టుకుని లాగేవాళ్లు. వాళ్ల తల్లులు చూడ్డానికి వచ్చారు. వాళ్లతో చంటిపిల్లలు వచ్చారు. వాళ్లనీ దాటించవలసి వచ్చింది.

తిమ్మరాయకట్ట సగటు వేగం నేలకి దిగింది. ఫైళ్లు ఆగిపోయాయి. ఆగిన ఫైళ్లని చూసి తోచక, ఆరోగ్య విభాగంలో ఒక గుమాస్తా ఒకటి తెరిచి చదివాడని కూడా పుకారు పుట్టింది. విచారణ వేశారు.

వాచస్పతిగారు కర్ర ఊతంతో వరండాలోకి వచ్చారు. “ఏమమ్మా, ఏమిటీ అరాచకము?”

“అయ్యయ్యో, తప్పేమైనా జరిగిందా బాబూ?” సామ్రాజ్యం కొంగులోంచి నకలు తీసి చూపించింది. “మీరు రాసిచ్చినట్టే చేస్తున్నానండీ. ఒక్కపూట కూడా మానలేదు. కావాలంటే కానిస్టేబులుబాబుని అడగండి.”

“మానలేదు సార్,” అన్నాడు కానిస్టేబులు గర్వంగా.

“మానుము!”

“అమ్మో, శిక్షార్హులని ఉందండీ. మీరు మానమని కాగితమిస్తే మానేస్తాను. పిల్లలు ఇక్కడ కాకపోతే ఎక్కడ దాటాలో కూడా అందులో రాయించండి బాబూ. చదువులేనిదాన్ని, నోటిమాటలు గుర్తుండవు.”

ఆయన భుజంగరావుగారి వైపు చూశారు. భుజంగరావుగారు బ్రేకరు వైపు చూశారు. బ్రేకరు మీద ఒకడు నిద్రపోతున్నాడు.

ఆ రాత్రే అంగన్‌వాడీ ముందు తారు పడింది. పొద్దునకల్లా రోడ్డుకి అడ్డంగా, వరండాలో దానికంటే బాగా ఎత్తుగా, నిగనిగలాడుతూ బ్రేకరు. ‘పిల్లలు ఇకమీదట ఇచటనే దాటవలెను, మరెచటను దాటరాదు’ అని కాగితం కూడా ఇంటికే పంపించారు. ప్రణతి మెమో ‘పరిశీలించి ముగించడమైనది’. ఆ ఊపులో ఆ పిల్ల బండ్లన్నిటికీ గట్టి షాక్ అబ్జార్బర్లు వేసింది. ఇప్పుడవి వరండా బ్రేకరు దగ్గర గాలిలోకి ఎగిరి అవతల దిగి పోతున్నాయి. వేగం మళ్లీ పెరిగింది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు రోడ్డు పక్కన నిలబడ్డారు. కంకర లారీ ఒకటి వచ్చి, కీచుమని అరిచి, నడుం నొప్పి ముసలివాడిలా బ్రేకరెక్కి దిగింది. పిల్లలు ఎర్రచీర పట్టుకుని దాటారు. సామ్రాజ్యం ఒక్కసారే లెక్కపెట్టింది.

“ఇప్పటికైనా భయం తీరిందా అమ్మా?”

“ఎక్కడే! లారీలు మెల్లగా పోతున్నాయి కదా, పిల్లల మీద దుమ్ము ఎక్కువసేపు పడుతోంది.”

అంతలో యోహాను టీకి బయటికొచ్చి పలకరించాడు. “సామ్రాజ్యమ్మా, మీ ఫైలు ఇవాళ కూడా ఫస్టు!”

“నా ఫైలా? అది ఇంకా తిరుగుతోందా?”

“తిరక్కేం! దాన్ని ఎవరూ ముగించలేదుగా. బ్రేకరు కావాలని తగు చర్యకై పోతోంది, వస్తోంది.”

సామ్రాజ్యం మొహంలో రంగు మారింది. ఆ అట్ట ఖర్మకాలి ఏ రోజైనా ఎవరి బల్ల మీదో ఆగితే? ఎవరైనా దానిమీద నిజంగా చర్య తీసుకుంటే? ఉన్న బ్రేకరు తవ్వేసి, టెండరు పిలిచి, కొత్తది వేసేదాకా గొయ్యి అలాగే ఉంచితే? ఆ గోతిలో వానాకాలం నీళ్లు నిలిస్తే?

కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మాయ్, ఆ బండికి ఇంకాస్త లావు పైపు దొరుకుతుందేమో చూడవే.”